ఎముక లేని ఆరో వేలు

2019 జూన్. బడులు తెరిచి రెండు మూడు రోజులే అయ్యింది. మా తాండా బడిలో ప్రార్థన అయ్యాక రోజూ పేపరు చదివిస్తాం. ఆ రోజు నేనే చదివాను. కొత్త మంత్రివర్గంలో ఐదుగురు ఉపముఖ్యమంత్రులు, అందులో ఒకరు కురుపాం నుంచి గెలిచిన గిరిజన మహిళ పాముల పుష్పశ్రీవాణి. "చూడండి, మన గిరిజనుల ఆడబిడ్డ ఉపముఖ్యమంత్రి అయ్యింది" అన్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకూ గొంతు పూడింది, దాచుకోను.

అప్పుడు ఐదో తరగతి పాప ఒకతి లేచి నిలబడింది. "సార్, ముఖ్యమంత్రికి ఏమన్నా అయితే ఈమే ముఖ్యమంత్రి అయితుందా సార్?"

"కూర్చోమ్మా, రేపు చెప్తా" అన్నాను. నాకు తెలియదు కాబట్టి అలా అన్నాను. డీఎడ్ చదివినవాణ్ణి, ఇరవై ఏళ్లుగా సాంఘిక శాస్త్రం చెప్తున్నవాణ్ణి. సర్పంచ్ ఎవరు, ఉపసర్పంచ్ ఎవరు, రాష్ట్రపతి ఎవరు, ఉపరాష్ట్రపతి ఎవరు అని ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో లెక్క లేదు. ఉపముఖ్యమంత్రి దగ్గరికి వచ్చేసరికి నా సుద్దముక్క ఆగిపోయింది.

ఆ రాత్రి తెలుగు రాజ్యాంగం పుస్తకం తీసి వెతికాను. ఉపముఖ్యమంత్రి అనే మాటే అందులో లేదు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తోటి ఉపాధ్యాయులూ, ఆ లేని మాట గురించే ఈ వ్యాసం. ఎవరినీ నొప్పించాలని కాదు. కానీ మనకు ఇచ్చినది ఏమిటో, ఇవ్వనిది ఏమిటో విప్పి చూసుకోకపోతే ఇంకో యాభై ఏళ్లు చప్పట్లు కొడుతూనే ఉంటాం.

రాజ్యాంగం రాసినవాళ్లు కుర్చీ ఖాళీ అయితే ఏం చేయాలో ఆలోచించనివాళ్లు కాదు. రాష్ట్రపతి చనిపోతే ఉపరాష్ట్రపతి ఆ పని చూడాలని 65వ అధికరణంలో రాశారు. శాసనసభ స్పీకరు లేకపోతే డిప్యూటీ స్పీకరు అని 180లో రాశారు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి లేకపోతే తాత్కాలిక ప్రధాన న్యాయమూర్తి అని 223లో రాశారు. గవర్నరు విషయంలో అనుకోనిది జరిగితే రాష్ట్రపతి ఏర్పాటు చేయాలని 160లో రాశారు. మరి రాష్ట్రాన్ని నిజంగా నడిపే ముఖ్యమంత్రి? 164వ అధికరణం "ముఖ్యమంత్రిని గవర్నరు నియమిస్తాడు" అంటుంది. ఆయన చనిపోతే, మంచాన పడితే, జైలుకు పోతే ఆ పూట సంతకం ఎవరిదో చెప్పదు.

మన పంచాయతీ దగ్గరికి రండి. సర్పంచ్ లేకపోతే ఉపసర్పంచ్ ఆ పని చూస్తాడు. ఇది చట్టంలో ఉంది. మండలానికి ఉపాధ్యక్షుడు, జిల్లా పరిషత్తుకు వైస్ చైర్మన్ ఉన్నారు. మా బడిలో హెడ్మాస్టరు ఒక్క పూట సెలవు పెట్టినా ఇన్‌ఛార్జి ఎవరో రిజిస్టరులో రాసి పోవాలి. ఇద్దరు టీచర్లున్న తాండా బడికి ఉన్న ఏర్పాటు ఐదు కోట్ల మంది రాష్ట్రానికి లేదు.

ఉపముఖ్యమంత్రి ఉన్నాడు కదా అంటారేమో. 1989లో దేవీలాల్ "ఉపప్రధాని" అని ప్రమాణం చేస్తే చెల్లదని కేసు వేశారు. అది ఉత్త పిలుపు మాత్రమే, చట్టం దృష్టిలో ఆయన కూడా ఒక మంత్రే, కాబట్టి ప్రమాణం చెల్లుతుందని సుప్రీంకోర్టు తేల్చింది. 2024 ఫిబ్రవరిలో ఉపముఖ్యమంత్రుల మీద వేసిన కేసులోనూ అదే మాట. ఉపముఖ్యమంత్రి మొదట, చివర ఒక మంత్రి, ఆ పేరు వల్ల కొత్త అధికారం ఏమీ రాదు, అందుకే రాజ్యాంగానికి భంగమూ లేదు అంది. చూశారా, ఆ పదవిని కోర్టు కాపాడిన తీరు! దానిలో ఏమీ లేదు కాబట్టి ఉంటే ఏం పోయింది అన్నట్టు.

ఇప్పుడు నా ఊరి సంగతి చెప్పాలి. మా గార్లదిన్నె మండలంలో ఇల్లూరు అనే ఊరుంది. నీలం సంజీవరెడ్డి పుట్టిన ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, మా ఇల్లూరు సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. ముఖ్యమంత్రి ఆంధ్ర నుంచి అయితే ఉపముఖ్యమంత్రి తెలంగాణ నుంచి, అటు అయితే ఇటు అని అందులో రాసుకున్నారు. ఆ ఏడు నవంబరు 1న సంజీవరెడ్డి ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. తెలంగాణవాళ్లు ఒప్పందం ప్రకారం ఉపముఖ్యమంత్రి పదవి అడిగితే, అది చేతికి ఆరో వేలు లాంటిది, అక్కర్లేదు అన్నారు. తాను ఆ వేలుగా ఉండి వచ్చినవాడే ఆ మాట అన్నాడు!

తెలంగాణ మిత్రులు ఈ మాటను అరవై ఏళ్లు మర్చిపోలేదు. మర్చిపోకూడదు కూడా. ఒప్పందం చేసిన చేయి ఆ పదవిని ఎందుకు విదిలించుకోగలిగింది? ఆ ఒప్పందం చట్టం కాలేదు కాబట్టి. పెద్దమనుషుల మాట పెద్దమనుషుల ఇష్టం ఉన్నన్ని రోజులే. ఆరో వేలుకు ఎముక ఉండదు, దాంతో ఏదీ పట్టుకోలేం. పట్టుకోలేని దాన్ని కోసేయడం తేలిక. అప్పుడు ఆ వేలు ఒక ప్రాంతానికి ఇస్తామన్నారు, ఇవ్వలేదు. ఇప్పుడు అదే వేలును ఒక్కో కులానికి, తెగకు ఒకటి చొప్పున పంచుతున్నారు. 2019లో ఐదు వేళ్లు. ఎస్టీకి ఒకటి, ఎస్సీకి ఒకటి, బీసీకి ఒకటి, కాపుకు ఒకటి, మైనారిటీకి ఒకటి. అందరూ ఉపముఖ్యమంత్రులే. అయితే ముఖ్యమంత్రి ఊర్లో లేని రోజు ఆ ఐదుగురిలో ఎవరు ముందు? మా పాప అడిగింది అదే. ఎవరూ ముందు కాదు.

2022 ఏప్రిల్‌లో మంత్రివర్గం మార్చారు. పుష్పశ్రీవాణి గారు పోయి పీడిక రాజన్నదొర గారు వచ్చారు. ఇద్దరికీ ఉపముఖ్యమంత్రి పేరు, ఇద్దరికీ గిరిజన సంక్షేమ శాఖ. వాళ్ల శక్తిని నేను తక్కువ చేయడం లేదు. నా ప్రశ్న ఇచ్చినవాళ్లకు. గిరిజనుడు ఉపముఖ్యమంత్రి అయినా ఆర్థిక శాఖో, రెవెన్యూనో, నీటి పారుదలో ఎందుకు చూడకూడదు? మన గురించి మనమే చూసుకోవాలి, అందరి గురించి చూసే హక్కు మాత్రం ఇంకొకరిది అన్నమాట.

అదే పేరు 2024 జూన్‌లో పవన్ కల్యాణ్ గారికి వచ్చింది. ఈసారి ఒక్కరే. ఆ పేరుకు బరువు వచ్చింది. ఎక్కడి నుంచి వచ్చింది? పోటీ చేసిన 21 సీట్లూ గెలిచిన పార్టీ ఆయన వెనక ఉంది, పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, అడవులు లాంటి శాఖలు చేతిలో ఉన్నాయి. తెలంగాణలో భట్టి విక్రమార్క గారి చేతిలో ఆర్థిక శాఖ ఉంది. అదే తెలంగాణలో 2014లో ఉపముఖ్యమంత్రి అయిన దళిత నాయకుడు తాటికొండ రాజయ్య గారిని 2015 జనవరిలో తీసేశారు, ఎనిమిది నెలలు కూడా నిండలేదు. అంటే ఆ పదవికి సొంత బరువు లేదు. కూర్చున్నవాడు తన బరువు తాను తెచ్చుకోవాలి. వెనక పార్టీ, డబ్బు, సీట్లు ఉన్నవాడికి ఆ పేరు కిరీటం. అవి లేనివాడికి అది మెడలో వేలాడే బోర్డు.

కుర్చీ ఖాళీ అయినప్పుడు ఏం జరుగుతుందో మన కళ్లతోనే చూశాం. 2009 సెప్టెంబరు 2 ఉదయం ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో కనిపించకుండా పోయింది. చెంచులు బతికే అడవి అది. రాత్రంతా వెతికారు. మర్నాడు పావురాలగుట్ట మీద శకలాలు దొరికాయి. ఒక పగలు, ఒక రాత్రి ముఖ్యమంత్రి ఉన్నాడో లేడో తెలియదు. ఆ పొద్దు సంతకం ఎవరిది? చట్టం చెప్పలేదు. 3వ తేదీన రోశయ్య గారు ప్రమాణం చేశారు. పెద్దమనిషి, అనుభవం ఉన్నవాడు, కాబట్టి బండి ఆగలేదు. కానీ అది మనిషి మంచితనం, చట్టం మంచితనం కాదు. వారసుడు ఎవరని సంతకాల సేకరణ మొదలైంది. పద్నాలుగు నెలలకు రోశయ్య గారు దిగిపోయారు, కిరణ్‌కుమార్‌రెడ్డి వచ్చారు. ఎవరు వస్తారో తేలింది ఢిల్లీలో.

1984 ఆగస్టు 16న ఎన్టీ రామారావును గవర్నరు రామ్‌లాల్ తీసేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. జనం రోడ్ల మీదికి వచ్చారు, సరిగ్గా నెలకు సెప్టెంబరు 16న ఎన్టీఆర్ తిరిగి కూర్చున్నారు. 1995లో మళ్లీ కుర్చీ మారింది, ఈసారి ఎమ్మెల్యేలు ఒక హోటల్లో చేరారు. గవర్నరు బంగళా ఒకసారి, హోటలు ఒకసారి, ఢిల్లీ ఒకసారి. ఈ మూడు చోట్లా మన తాండావాళ్లకు గానీ, గూడెంవాళ్లకు గానీ ప్రవేశం ఉందా? ఆలోచించండి. నియమం రాసి లేని చోట నిర్ణయం ఎప్పుడూ తలుపులు మూసిన గదిలో జరుగుతుంది. ఆ గదిలో మనవాళ్లు ఉండరు.

పక్క రాష్ట్రం చూడండి. 2016 సెప్టెంబరు 22న జయలలిత ఆసుపత్రిలో చేరారు. 75 రోజులు ఉన్నారు. మధ్యలో అక్టోబరులో గవర్నరు ఆమె శాఖలను పన్నీర్‌సెల్వంకు అప్పగించాల్సి వచ్చింది. ఆ గవర్నరు మన కరీంనగర్ వాడే, విద్యాసాగర్‌రావు గారు. డిసెంబరు 5న ఆమె పోయాక రెండున్నర నెలల్లో ముగ్గురి పేర్లు ఆ కుర్చీ చుట్టూ తిరిగాయి.

మన జాతివాళ్ల రాష్ట్రమైన జార్ఖండ్ సంగతి ఇంకా నేర్చుకోదగింది. 2024 జనవరి 31 రాత్రి హేమంత్ సోరెన్ రాజీనామా చేశారు, ఈడీ అరెస్టు చేసింది. కొత్త ముఖ్యమంత్రి చంపయ్ సోరెన్ ప్రమాణం చేసింది ఫిబ్రవరి 2న. మధ్యలో గిరిజన రాష్ట్రానికి ముఖ్యమంత్రి లేడు. సంఖ్యాబలం ఉందని చెప్పినా గవర్నరు పిలుపు కోసం కూర్చోవాల్సి వచ్చింది. ఎమ్మెల్యేలను ఎవరైనా ఎగరేసుకుపోతారేమోనని విమానంలో తెచ్చి ఎక్కడ పెట్టారు? మన హైదరాబాదులో! ఆదివాసీ ఎమ్మెల్యేలు తమ రాష్ట్రంలో తాము భయం లేకుండా ఉండలేక మన దగ్గర తలదాచుకున్నారు. నియమం ఉండి ఉంటే ఆ విమానం అవసరమే లేదు.

ఇదే పనిని వేరేవాళ్లు ఎలా చేసుకున్నారు? అమెరికాలో రాష్ట్రాన్ని నడిపేవాణ్ణి గవర్నరు అంటారు. జనం ఓటేసి ఎన్నుకుంటారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో లెఫ్టినెంట్ గవర్నరు ఉంటారు. గవర్నరు చనిపోయినా, వదిలేసి పోయినా మిగిలిన కాలం ఆ మనిషే గవర్నరు. మన దగ్గర ఆ పేరుకు అర్థం వేరు. యానాం తెలుగువాళ్లను అడగండి. పుదుచ్చేరిలో లెఫ్టినెంట్ గవర్నరు అంటే ఢిల్లీ పంపిన మనిషి. 2019 ఫిబ్రవరిలో అక్కడి ముఖ్యమంత్రి నారాయణసామి ఆ బంగళా ముందు ధర్నాకు కూర్చోవాల్సి వచ్చింది. ఎన్నికైనవాడి నెత్తిన ఎన్నిక కానివాణ్ణి కూర్చోబెట్టే ఆ ఏర్పాటు మనకు వద్దు. నేను చెప్పేది పేరు గురించి కాదు, వరుస గురించి.

అమెరికాలో అరిజోనా అనే రాష్ట్రం ఉంది. మన అనంతపురం లాగే ఎండ నేల. నవాహో, హోపి, అపాచీ వంటి 22 గుర్తింపు పొందిన తెగల నేల అది. అక్కడ లెఫ్టినెంట్ గవర్నరు లేడు. గవర్నరు పోతే కార్యదర్శి పదవిలో ఉన్నవాళ్లు ఎక్కేవాళ్లు, ఆ మనిషి వేరే పార్టీ అయినా సరే. 2009 జనవరిలో గవర్నరు జానెట్ నాపొలిటానో కేంద్ర ప్రభుత్వంలోకి పోతే ఎదుటి పార్టీకి చెందిన జాన్ బ్రూవర్ కుర్చీ ఎక్కారు. మరుసటి ఏడు వలస కూలీల మీద కఠినమైన చట్టానికి ఆమె సంతకం పెట్టారు. గవర్నరుగా ఎవరూ ఓటెయ్యని మనిషి సంతకం అది. వరుసలో రెండో మనిషి ఎవరన్నది చిన్న సంగతి కాదని అక్కడి జనానికి అర్థమైంది. అంతకు ముందు రెండుసార్లు వద్దన్నవాళ్లే 2022 నవంబరులో ఓటు వేసి లెఫ్టినెంట్ గవర్నరు పదవి సృష్టించుకున్నారు. 2026 ఎన్నికల నుంచి గవర్నరుతో జంటగా ఆ మనిషి పేరు కూడా జనం ముందు ఉంటుంది.

ఇంకొక్క సంగతి. 2019 జనవరిలో మిన్నెసోటా రాష్ట్రంలో పెగ్గీ ఫ్లానగన్ అనే ఆదివాసీ మహిళ లెఫ్టినెంట్ గవర్నరుగా ప్రమాణం చేసింది. ఒజిబ్వే తెగ ఆడబిడ్డ. అదే ఏడు జూన్‌లో మన దగ్గర గిరిజన మహిళ ఉపముఖ్యమంత్రిగా ప్రమాణం చేసింది. ఇద్దరూ ఆదివాసీ స్త్రీలే, ఇద్దరికీ రెండో కుర్చీయే. 2024లో మిన్నెసోటా గవర్నరు ఉపాధ్యక్ష పదవికి పోటీ చేశాడు. ఆయన గెలిస్తే ఫ్లానగన్ గవర్నరు అవుతుందని అక్కడ చిన్న పిల్లవాడైనా చెప్పగలడు. ఎవరి దయా అక్కర్లేదు, రాసి ఉంది. ఆయన ఓడిపోయాడు, అది వేరే సంగతి. మా బడిలో పాప అడిగిన ప్రశ్న మిన్నెసోటా బడిలో అడిగితే, ఆ టీచరు "అవును" అని ఒక్క మాటలో చెప్తాడు. నేను మాత్రం "రేపు చెప్తా" అన్నాను.

మనవాళ్లకు ఇది కొత్త కాదు. మా దాదా చెప్పేవాడు. తాండాకు నాయక్ ఉంటాడు, ఆయన పక్కన కారభారి ఉంటాడు. కారభారి అంటే పండగనాడు రుమాలు చుట్టుకోవడానికి పెట్టిన పేరు కాదు. నాయక్ ఊర్లో లేనప్పుడు తగువు వస్తే కారభారి కూర్చునేవాడు, మాట చెప్పేవాడు, ఆ మాట చెల్లేది. "నాయక్ వచ్చేదాకా ఆగండి" అంటే అప్పుడు తాండా నవ్వేది. ఆ పద్ధతిలో ఆడవాళ్లకు చోటు లేదు, తండ్రి తర్వాత కొడుకు అనే జాడ్యం ఉంది. దాన్ని తిరిగి తెమ్మని నేను అనడం లేదు. కానీ రెండో మనిషికి పని ఉండాలన్న తెలివి సంతలకు ఎద్దుల మీద ఉప్పు మోసిన మా పూర్వులకే ఉంది. సచివాలయానికి లేకపోయింది.

పని లేని ఇన్‌ఛార్జి అంటే ఏమిటో మనకు రోజూ అనుభవమే. నా దగ్గర చదివిన ఒక అమ్మాయికి గురుకులంలో సీటు వచ్చింది. కుల ధ్రువపత్రం కావాలి. ఆఫీసులో పెద్ద అధికారి బదిలీ మీద పోయాడు, ఆయన కుర్చీలో ఇన్‌ఛార్జి ఉన్నాడు. "నేను ఉత్త ఇన్‌ఛార్జినమ్మా, సంతకం పెట్టే పవర్ నాకు రాలేదు" అన్నాడు. అబద్ధం కాదు, ఆయనకు పూర్తి బాధ్యతలు ఇస్తూ కాగితం రాలేదు. వాళ్ల యాడి కూలి పోగొట్టుకుని నాలుగుసార్లు తిరిగింది. గడువు దాటింది. సీటు పోయింది. ఇప్పుడు ఆ పిల్ల ఎక్కడుంది? తల్లిదండ్రులతో బెంగుళూరులో ఇటుకలు మోస్తోంది. కుర్చీ నిండా మనిషి ఉన్నా చేతిలో అధికారం లేకపోతే నష్టపోయేది ఎవరో ఆ తల్లిని అడిగితే చెప్తుంది. కింద ఒక సీటు పోయింది. పైన అదే జరిగితే ఎన్ని పోతాయి?

మన పల్లెల్లో ఇంకొకటి గమనించారా? సర్పంచ్ పదవి ఎస్టీకి రిజర్వు అయిన ఊళ్లో ఉపసర్పంచ్ పదవికి పోటీ చూడండి. పెద్ద రైతులు, కాంట్రాక్టర్లు వార్డు మెంబర్లుగా నిలబడి ఆ ఒక్క కుర్చీ కోసం లక్షలు ఖర్చు పెడతారు. ఎందుకు? సర్పంచ్ లేని రోజు చట్టం ఆ కుర్చీని గుర్తిస్తుంది కాబట్టి. తెలంగాణలో 2018 చట్టం ఉపసర్పంచ్‌కు చెక్కు మీద కూడా సంతకం ఇచ్చింది, పోటీ ఇంకా పెరిగింది. అధికారం ఉన్న రెండో కుర్చీని మన చేతికి రానివ్వరు. అధికారం లేని రెండో కుర్చీని పూలదండతో ఇంటికి తెచ్చి ఇస్తారు. ఈ ఒక్క సంగతి అర్థమైతే నా వ్యాసం మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు.

ఎదుటివాళ్ల మాటలూ వినాలి. "పేరైనా ఇచ్చారు కదా, మన పిల్లలు చూసి పెద్ద కలలు కంటారు" అంటారు. నిజమే, మా పిల్లలు చప్పట్లు కొట్టారు. కానీ కల కన్న పిల్లే ప్రశ్న వేసింది. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే కల కన్నదే మోసపోయినట్టు. "మనది అమెరికా కాదు, ఇక్కడ శాసనసభలో మెజారిటీ ఉన్నవాడే ముఖ్యమంత్రి, వరుస రాస్తే జనం ఎన్నుకోనివాడు నెత్తిన కూర్చుంటాడు" అంటారు. ఇది బరువున్న మాట. అందుకే మిగిలిన కాలమంతా కాదు, రెండు వారాలు చాలు. రెండు వారాలు రెండో మనిషి తాత్కాలిక ముఖ్యమంత్రి. ఆలోపు శాసనసభ కూర్చుని, అందరూ చూస్తుండగా తన నాయకుణ్ణి ఎన్నుకోవాలి. హోటల్లో కాదు, బంగళాలో కాదు, సభలో. "రాజ్యాంగం మార్చాలంటే ఎన్నేళ్లు?" అంటారు. 1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ చనిపోయారు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి తాత్కాలికంగా కూర్చున్నారు. ఆయనా లేకపోతే ఎవరని ఎక్కడా రాసి లేదు. ఆ నెల తిరక్కుండానే పార్లమెంటు చట్టం చేసింది. జూలైలో గిరి రాజీనామా చేసి ఎన్నికకు నిలబడితే ఆ చట్టం ప్రకారమే ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా రాష్ట్రపతి పని చూశారు. ఆ ఎన్నికలో గిరి చేతిలో ఓడింది ఎవరు? మా ఇల్లూరు సంజీవరెడ్డి గారే. పైవాళ్లకు అవసరమైతే నెలలోపు చట్టం అవుతుంది. అవసరం అనిపించాలి, అంతే.

అయితే మనం ఏం అడగాలి?

మొదటిది, రేపే చేయగలిగినది. 166వ అధికరణం కింద ప్రభుత్వ కార్యకలాపాల నియమాలు ఉంటాయి. వాటిలో ఉపముఖ్యమంత్రి పని రాయాలి. ముఖ్యమంత్రి లేని రోజు మంత్రివర్గ సమావేశం ఎవరు నడపాలి, అత్యవసర ఫైలు ఎవరు చూడాలి అని పేరుతో సహా ప్రమాణం చేసిన రోజే జీవో రావాలి. పేరు ఒక్కటే ఉండాలి, ఐదు కాదు. ఇద్దరు ముగ్గురు ఉంటే వరుస రాయాలి.

రెండోది, శాసనసభ తీర్మానం చేసి 164కు సవరణ అడగాలి. నేను చెప్పిన రెండు వారాల ఏర్పాటు అందులో ఉండాలి.

మూడోది, 164లోనే గిరిజన సంక్షేమానికి తప్పనిసరిగా మంత్రి ఉండాలని ఒక మాట ఉంది. అది జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశాలకే. 2006లో 94వ సవరణతో ఆ జాబితా సరిచేసినప్పుడు కూడా ఆంధ్రప్రదేశ్ అందులో చేరలేదు. అంటే మన దగ్గర గిరిజన సంక్షేమ మంత్రి ఉండటం కూడా దయే. 2018 నవంబరులో కిడారి శ్రావణ్ గారిని ఆ శాఖకు తెచ్చారు. అంతకు ముందు మంత్రివర్గంలో నాలుగేళ్లు గిరిజనుడే లేడు. ఎమ్మెల్యే కాకపోవడంతో ఆరు నెలల గడువు ముగిసే ముందు ఆయన దిగిపోయారు. రెండు తెలుగు రాష్ట్రాల పేర్లూ ఆ జాబితాలో ఎక్కాలి.

నాలుగోది, మన సీమ మాట. ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175 సీట్లు, ఎస్టీకి ఏడు. పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు, పాడేరు, రంపచోడవరం, పోలవరం. రాయలసీమలో ఒక్కటీ లేదు. అనంతపురం జిల్లాకు ఐటీడీఏ లేదు, ఇక్కడ ఐదో షెడ్యూలు ప్రాంతమూ లేదు. ఇక్కడి సుగాలీలు, ఎరుకలవాళ్లు, యానాదులు ఎమ్మెల్యే కావాలంటే జనరల్ సీటులో పెద్ద కులాల టికెట్టు కోసం నిలబడాలి. మొదటి మెట్టే లేని చోట రెండో కుర్చీ మాట ఎందుకు అనకండి. రెండూ అడగాలి. మెట్టు లేదని కుర్చీ అడగకపోతే, కుర్చీలో మనవాడు లేడు కాబట్టి మెట్టు ఎప్పటికీ కట్టరు.

1960లో మన పక్కనే కర్నూలు దగ్గర పెదపాడు నుంచి దామోదరం సంజీవయ్య ముఖ్యమంత్రి అయ్యారు, దేశంలోనే తొలి దళిత ముఖ్యమంత్రి. 1956 నుంచి ఇప్పటిదాకా తెలుగు నేల మీద గిరిజన ముఖ్యమంత్రి ఒక్కరూ లేరు. దయతో ఇచ్చిన పేర్లను లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఇక ముందూ ఉండరు.

తోటి ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఉపసర్పంచ్ పాఠం చెప్పిన రోజే ఉపముఖ్యమంత్రి పాఠం కూడా చెప్పండి. పుస్తకంలో లేదని వదిలేయకండి, లేదన్నదే పాఠం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎన్నికలప్పుడు తాండాకు వచ్చి "మీవాడికి ఉపముఖ్యమంత్రి ఇచ్చాం" అనే ప్రతి నాయకుణ్ణి నిలబెట్టి ఒక్కటే అడగండి. "ముఖ్యమంత్రి లేని రోజు మావాడి సంతకం చెల్లుతుందా అన్నా?" జవాబు చెప్పేదాకా కుర్చీ వేయకండి.

ఆ పాప ఐదు పాసై పెద్ద బడికి వెళ్లిపోయింది. మొన్న పెనకచెర్ల దారిలో కనిపించింది, ఇంటర్ చదువుతోందట. "బాగున్నారా సార్" అంది. ఆ రోజు అడిగిన సంగతి దానికి గుర్తుందో లేదో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు. "రేపు చెప్తా" అని నేను అన్న ఆ రేపు ఇంకా రాలేదు.